గుండె సినిమా పట్టుకుని సీమ దారుల్లో

హైదరాబాదు తిరిగొచ్చాక అందరూ నన్ను ఒకటే అడిగారు, ఎండ ఎలా ఉందని. రాయలసీమలో ఎండ తప్ప ఇంకేమీ ఉండదని మా వాళ్ల నమ్మకం. వెళ్లే ముందు నా నమ్మకమూ అదే. తెనాలి పక్కన కాలువ గట్ల మీద పెరిగినదాన్ని, కర్నూలు కడప జిల్లాలను రైలు కిటికీలోంచి తప్ప చూసి ఎరగను. ఎండ సంగతీ చెబుతాను. కానీ ఈ ప్రయాణంలో నాకు గుర్తుండిపోయింది ఎండ కాదు, ఒక బండరాయి.

నేను చేసే పని గురించి ముందు కొంచెం చెప్పాలి. మా ప్రయోగశాలలో మేము గొర్రె గుండెలకు సినిమాలు తీస్తాం. అప్పుడే తీసిన గుండెను తెచ్చి, గొట్టం బిగించి, గోరువెచ్చని ఉప్పునీళ్లూ ప్రాణవాయువూ అందిస్తే అది ఒంటి బయట కూడా కొంతసేపు కొట్టుకుంటుంది. దానికి ఒక రంగు ఎక్కించి పచ్చటి దీపం వేస్తే ఎర్రగా వెలుగుతుంది. గుండెలో కరెంటు నడిచిన చోటల్లా ఆ వెలుగు పిసరంత మారుతుంది. ఆ మార్పు కంటికి ఆనదు, వేగంగా తీసే కెమెరాకు దొరుకుతుంది. దాన్ని కంప్యూటరులో రంగులద్ది నెమ్మదిగా నడిపిస్తే, ప్రతి దెబ్బకూ గుండె మీదుగా ఒక అల పాకి పోవడం చూడొచ్చు. చిక్కల్లా ఒక్కటే. గుండె కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకని మందు కలిపి కండను కదలకుండా చేస్తాం. కరెంటు నడుస్తూనే ఉంటుంది, గుండె మాత్రం రాయిలా నిలబడి ఉంటుంది. మా సినిమాల్లో ఎక్కువ అలాంటివే. గుండె మీద చుక్కలు అంటించి, కదలికనూ కరెంటునూ కలిపి చూసే విద్య మాకు అప్పుడప్పుడే పట్టుబడుతోంది.

విజ్ఞానం ఊళ్లకు చేరాలని తిరిగే మిత్రులు కొందరు ఈ సినిమాలు పట్టుకుని సీమకు రమ్మన్నారు. సరేనని లాప్‌టాప్, ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి సర్దుకుని బయలుదేరాను.

కర్నూలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కర్నూల్లో అది ముందే మూట కట్టుకుని పోయినట్టుంది. స్టేషన్లో దిగేసరికే చెమటలు. నన్ను తీసుకెళ్లడానికి రసూల్ సార్ వచ్చారు. కాలేజీలో జువాలజీ చెబుతారు, రిటైర్మెంటు దగ్గరపడింది. పొడుగ్గా, కొంచెం వంగి ఉంటారు. ఈ ప్రయాణమంతా ఆయనే నాకు దారీ, తోడూ, అనువాదకుడూ. నాకు తెలుగు రాదా అని మొదట ఉక్రోషపడ్డాను గాని, రెండో రోజుకే ఆయన అవసరం తెలిసొచ్చింది.

"ముందు ఉగ్గాని తినండి మేడం. గుండె సంగతి తర్వాత చూస్తాం" అని ఆయన నన్ను బండి దగ్గరికి తీసుకుపోయారు. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాల పొడి తగిలించి పెట్టారు, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు బొరుగులంటే చంటిపిల్లలకు చేతిలో పోసేవి. ఇక్కడ మగవాళ్లు నిలబడి, దాన్నే పొద్దుటి టిఫిను చేసుకుని పనుల్లోకి పోతున్నారు. బజ్జీ కొరికేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రసూల్ సార్ నీళ్ల గ్లాసు జరిపి, "మీ కోస్తావాళ్లు కారం మాది అంటారు. ఊరికే అంటారు" అన్నారు.

తుంగభద్ర వంతెన మీద జీపు ఆపించి నదిని చూశాను. నది కంటే ఇసుకే ఎక్కువ ఉంది. మధ్యలో ఒక పాయ, దాని ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు. కృష్ణ కాలువల పక్కన పెరిగిన కళ్లకు అది నదిలా అనిపించలేదని నిజం చెప్పాను. ఆయనేమీ నొచ్చుకోలేదు.

నందికొట్కూరు గోదాములో

నందికొట్కూరులో హాలు దొరకలేదు. విత్తనాలూ ఎరువులూ అమ్మే ఒక శెట్టిగారు తన గోదాము ఇచ్చారు. మూటల మధ్య దుప్పటి కట్టి, కిటికీలకు గోనెలు కప్పి సినిమా వేశాం. ఎరువుల ఘాటుకు నాకు తుమ్ములు. జనం మాత్రం మూటలెక్కి కూర్చుని పండగలా చూశారు.

గుండె మీద ఎర్రటి అల రెండోసారి పాకుతుండగా కరెంటు పోయింది. చీకట్లో ముందు వరసలోని ముసలమ్మ, "సచ్చిపాయనా?" అంది, నిజంగా బాధపడుతూ.

"సచ్చేదేముండాదవ్వా, కరెంటు పాయ. గుండె పెట్టెలోనే ఉండాది" అన్నారు శెట్టిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జనరేటరు వేసేలోగా ఆయన నన్ను పక్కకు పిలిచి, అంత మంచి గొర్రెను ఎంతకు కొన్నారని వివరంగా అడిగారు. గుండె ఒక్కటే తెచ్చామని చెబితే, మిగతా మాంసం ఎవరు తిన్నారని అడిగారు. నేను ప్రొజెక్టరు చూసుకోవాలని జారుకున్నాను.

ఓర్వకల్లు రాళ్ల నడుమ

మర్నాడు ఓర్వకల్లు పక్క ఊరికి వెళ్లాం. రోడ్డుకు అటూ ఇటూ రాతిగుట్టలు. ఒక దాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుంటాయి. వాటి నడుమ ఎర్రనేల, అక్కడక్కడా కంది మోళ్లు. చెట్టు నీడ కావాలంటే వెతుక్కోవాలి.

మధ్యాహ్నం బడిలో సినిమా. దానికి ముందు మా భోజనం హెడ్మాస్టరుగారు మద్దిలేటి అనే బండల పనివాడి ఇంట్లో పెట్టించారు. ఆ బడికి నేలబండలు కూలి తీసుకోకుండా పరిచింది అతనేనట. నలభై అయిదు దాటిన మనిషి, మాట తక్కువ. అరచేతులు గరుకుగా, తెల్లగా బీటలు తేలి ఉన్నాయి. భార్య ఈరమ్మ జొన్నరొట్టెలు తడుతూ ఉంది.

ఇంటి చూరు కింద, గోడ పక్కన, రెండు రాళ్ల మీద ఒక బండ పరిచి ఉంది. నున్నగా సాన పట్టి, అంచులు గుండ్రంగా తీసి ఉన్నాయి. ఆ ఇంట్లో అంతకంటే అందమైన వస్తువు లేదు. ఎండన పడి వచ్చానేమో, చల్లగా ఉందని దాని మీద కూర్చున్నాను. ఈరమ్మ పిండి చేతులతోనే గబగబా వచ్చింది.

"దాని మీద వద్దు తల్లీ. ఈడ చాప ఏసినా, ఈడ కూచ్చో."

నాకు ముక్కు మీద కోపం. దేవుడి బండో, మడి బండో, నేను ముడితే మైలపడుతుంది కాబోలని లోపల గింజుకుంటూ లేచి చాప మీదికి మారాను. రొట్టె, గోంగూర ఊరిమిండి, చెనిక్కాయల పొడి, అదే మా వేరుశనగ పొడి, పెట్టింది. అన్నం లేని భోజనం మా ఇళ్లలో భోజనం కాదు. కానీ ఆ వేడి రొట్టె తిన్నాక ఆ మాట పైకి అనలేదు. రాతి మీద పచ్చిమిర్చీ గోంగూరా నూరిన ఆ ఊరిమిండి రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

బడిలో సినిమా బాగా సాగింది. పిల్లలు వరసలుగా, పెద్దలు గోడల వెంట. కదలకుండా ఉన్న గుండె మీద అల వెంట అల పోతోంది. ఆఖర్న ప్రశ్నలడగమంటే వెనకనుంచి మద్దిలేటి లేచాడు.

"మేడం, ఆ గుండె కొట్టుకోవడం ల్యా గదా. మరి ఆ వెలుతురు యాడినుంచి వస్తాండాది?"

మంచి ప్రశ్న అని మెచ్చుకుని, "కదలకపోయినా లోపల కరెంటు నడుస్తోంది కదా, అదే" అన్నాను.

"అంటే సావలేదు."

"చావలేదు. బతికే ఉంది. కదలనంత మాత్రాన చచ్చిపోయినట్టా?" అన్నాను, తరగతిలో ఎప్పుడూ నవ్వే నవ్వు నవ్వుతూ. పిల్లలు కూడా నవ్వారు.

అతను నవ్వలేదు. కాసేపు తెర వైపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మేం మందు కలపబట్టి అది కదలడం లేదని మొదట్లోనే చెప్పానని నా ధీమా. రోజూ చేసే పనిలో మాకది ఎంత మామూలంటే, కదలని గుండెను చూసి ఇంకొకరికి ఇంకేం తోస్తుందో నాకు తట్టనే లేదు.

సామాను జీపులో పెడుతుంటే ఈరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏం చెప్తివి తల్లీ ఆయప్పకు? ఇంటికొచ్చి పార ఎత్తుకోని గుట్ట తావకు పోతాండాడు. పిల్లోన్ని తవ్వి చూస్తా అంటాండాడు."

నాకేమీ అర్థం కాలేదు. దారి పొడుగునా రొప్పుతూ ఆమె చెప్పింది. రెండేళ్ల కిందట ఒక పొద్దున వాళ్ల కొడుకు ఓబులేసు తండ్రితోపాటు బండల గనిలో పని చేస్తూ కూలిపోయాడు. పందొమ్మిదేళ్ల పిల్లవాడు. ఆసుపత్రికి తీసుకుపోతే మంచం మీద వేసి, ఒంటికి తీగలు పెట్టి, గుండె మీద నొక్కారు. కొంతసేపటికి డాక్టరు మెడ పట్టి చూసి, పోయాడన్నాడు. కానీ మంచం పక్కన తెర మీద పచ్చగీత ఇంకా పోతూనే ఉంది. మద్దిలేటి దాన్ని చూశాడు. గీత పోతాండాది గదా సామీ అని అడిగాడు. ఎవరూ పలకలేదు. నర్సు వచ్చి తీగలు పీకేసింది. వాళ్లలో పూడ్చడమే ఆచారం. పొద్దు గూకే లోపల పూడ్చేశారు.

"రెండేండ్ల నుంచి ఒకటే మాట. పానం ఉన్నోన్ని పూడ్చితిమి అంటాడు. పొద్దున్నే పోయి మన్ను మీద చెవి పెట్టి పండుకుంటాడు. నువ్వు తప్పు చూసినావప్పా అని నేను చెప్పుకుంటా వస్తాండా. ఇయ్యాల చదువుకున్నదానివి నువ్వే చెప్తివి, కదలకున్నా బతికే ఉంటాదని."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా విజ్ఞాన ప్రచారం.

గుట్ట కింద, ముళ్ల చెట్ల మధ్య మట్టి కుప్ప దగ్గర మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. పార పక్కన ఉంది. ఇంకా తవ్వలేదు. చుట్టూ ఉన్న సమాధులన్నిటి మీదా బండలున్నాయి, దీని మీద మాత్రం లేదు. నేను గబగబా చెప్పుకుపోయాను, అది గొర్రె గుండె అని, మేం మందు కలిపామని, మనిషి సంగతి వేరని.

"అప్పుడు బతికే ఉండాదంటివి. ఇప్పుడు కాదంటాండావు. ఏది నిజం?" అన్నాడు, గొంతు పెంచకుండా.

నేను డాక్టరును కాను. ఆ తెర మీద గీత ఎందుకు పోయిందో ఊహించగలనే గాని, ఆ మనిషి ముందు ఊహ చెప్పడానికి నోరు రాలేదు. "నాకు ఇప్పుడే చెప్పడం చేతకాదు. కనుక్కుని వస్తాను" అన్నాను.

రసూల్ సార్ అతని పక్కన మట్టిలో కూర్చున్నారు. "మద్దిలేటీ, కడప పోయి మళ్లా ఇట్లే వస్తాం. మేడంను నేనే పిల్చకొస్తా. అంతవరకు పార ముట్టనని నాకు మాటియ్యి."

"రాకుంటే?"

"రాకుంటే నువ్వు తవ్వుకో. నేను అడ్డం రాను."

మద్దిలేటి చాలాసేపటికి తల ఊపాడు. పార ఈరమ్మ తీసుకుంది.

కడప దారి

నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప. ఒకచోట నేల నల్లగా, ఇంకొంత దూరం పోతే ఎర్రగా. పొద్దుతిరుగుడు చేలు, పసుపు ఆరబోసిన కళ్లాలు. నల్లమల ఒక పక్కన నీలంగా వెంట వచ్చింది. మరో రోజైతే ఇవన్నీ రాసుకునేదాన్ని. ఆ రోజు నా కళ్ల ముందు ఆ పార తప్ప ఇంకోటి నిలవలేదు. జీపు గుంతలో పడి ప్రొజెక్టరు పెట్టె నెత్తికి తగిలితే, ఇంకొంచెం గట్టిగా తగలాల్సిందనుకున్నాను.

"అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అనుకుంటాండారా?" అన్నారు రసూల్ సార్.

"తొక్కింది అడుసు అయితే కడుక్కుందును సార్" అన్నాను.

కడపలో కారం దోసె తిన్నాం. దోసె మీద ఎర్రకారం పూసి, దాని మీద పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాల్చి ఇచ్చారు. దిగులుగా ఉన్నా ఆకలి ఆకలే, రెండోది కూడా చెప్పాను. రసూల్ సార్ దర్గాకు వెళ్లి వచ్చి, నా చేతిలో చక్కెర పొట్లం పెట్టారు. ఉగాది నాడు ఇక్కడి ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి టెంకాయ పట్టుకుని పోతారని, ఆయన తల్లి కూడా పోయేదని చెప్పారు. మా వైపు అది నేనెప్పుడూ వినలేదు. ఆ చక్కెర నేనూ మొక్కుకునే తిన్నాను. ఏం మొక్కుకున్నానో చెప్పనక్కర్లేదు.

కాలేజీలో సినిమా అయ్యాక, చూడ్డానికొచ్చిన ఒక పెద్ద డాక్టరును పట్టుకున్నాను. చాలా ఏళ్లు ఎమర్జెన్సీ వార్డులో చేసిన మనిషి. మద్దిలేటి సంగతంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మేం చూస్తానే ఉంటాం మేడం. గీత ఉంటాది, నాడి ఉండదు. కరెంటు వస్తాంటాది, కండ వినదు. కండ పిండకుంటే రక్తం యాడికి పోతాది? మెదడుకు అందదు. తెర ఏం చెప్పినా మెడ మీద చెయ్యి చెప్పిందే నిజం. నొక్కి నొక్కి చూసి, ఇంక రాదని తేలినాకనే చెప్తాం."

"మరి ఆ తండ్రికి ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

"పక్క మంచంలో ఇంకొకరు ఉంటారు. చెప్పే తీరిక యాడుంటాది? నేనైతే తెర గోడ పక్కకు తిప్పించేవాన్ని." ఆగి, ఆయనే అన్నారు, "అది కూడా సరైన పని కాదులెండి."

వెళ్లబోతూ ఆగారు. "ఒకటి అడగండి ఆయప్పను. పూడ్చే ముందు పిల్లోనికి నీళ్లు పోసుంటారు గదా. అప్పుడు కాళ్లు చేతులు ఎట్లుండినాయని అడగండి. బిగిసుంటే ఇంక వేరే మాట లేదు, పానం పోయిన ఒళ్లే అట్ల బిగుసుకుంటాది."

ఆ సాయంత్రం లాడ్జీ గదిలో లాప్‌టాప్ తెరిచి పాత సినిమా ముక్కలు వెతికాను. ప్రయోగం చివర్లో, గుండెకు నీళ్లు ఆపేశాక, కెమెరా అలాగే నడుస్తూ ఉండిపోయిన సందర్భాలుంటాయి. ఆ ముక్కలతో మాకు పని ఉండదు, ఎవరమూ చూడం. ఒకటి దొరికింది. అందులో మందు కలపలేదు. మీద చుక్కలు అంటించి ఉన్నాయి, కదలికా వెలుగూ రెండూ తెలుస్తాయి. దానికి రంగులద్ది వరసగా పేర్చి మొదటిసారి పూర్తిగా చూశాను. చూశాక లాప్‌టాప్ మూసి కాసేపు వరండాలో నిలబడ్డాను.

మంగంపేట గని

మంగంపేటలో ముగ్గురాయి, అంటే బెరైటీసు, గని అంచున నిలబడితే కింద పనిచేసే లారీలు అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. మెట్లు మెట్లుగా భూమిని లోపలికి తవ్వేశారు. దుమ్ము బూడిదరంగులో ఉంది, చెట్ల మీద, తట్టల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా. రాళ్లు ఏరే ఒక ఆడమనిషి నా చేతిలో పిడికెడంత రాయి పెట్టింది. తేలిగ్గా అందుకోబోయి చెయ్యి కిందికి జారింది.

"చూసేదానికి ఇంతే ఉంటాదక్కా, శానా బరువు" అంది నవ్వి. పేరు సుబ్బమ్మ. కూలి, పిల్లల చదువులు, దగ్గు, అన్నీ చెప్పింది. రాయి నన్నే తీసుకుపొమ్మంది.

ఆ సాయంత్రం కార్మికుల షెడ్డులో నా పాత సినిమాతోపాటు కొత్త ముక్క కూడా వేశాను. మద్దిలేటికి చూపించే ముందు ఎక్కడో ఒకచోట వేసి చూడాలనిపించింది. తెర మీద గుండె ఆగిపోయింది. సినిమా అయిపోయినా ఎవరూ లేవలేదు. సుబ్బమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మా నాయన గుర్తుకొచ్చినాడు" అంది. అంతే. చూడలేరేమో, చూపించకూడదేమో అని నేను పడిన భయం కొంత తగ్గింది.

అక్కణ్నుంచి నేరుగా హైదరాబాదు రైలెక్కాలని మొదటి ఏర్పాటు. టికెట్టు రద్దు చేసుకుని జీపు వెనక్కి తిప్పించాం.

మళ్లీ ఓర్వకల్లు

పొద్దున్నే చేరాం. మద్దిలేటి ఇంట్లోనే ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పార గోడకు ఆనించి ఉంది, మట్టి లేదు. రసూల్ సార్ ఊపిరి వదలడం నాకు వినిపించింది.

ఇంట్లోపల చీకటి మూలన లాప్‌టాప్ పెట్టాను. ముందు డాక్టరు చెప్పింది చెప్పాను. తర్వాత, "ఇందులో మందు లేదు. మేం నీళ్లు ఆపాం, కదలిక ఆపలేదు. గుండె తనంతట తాను పోవడం. చూస్తావా? వద్దంటే వద్దు" అన్నాను.

"చూపియ్యి."

ఈరమ్మ కూడా గడప దగ్గర కూర్చుంది. తెర మీద గుండె పిండుకుంటోంది, చుక్కలు ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి పోతున్నాయి. ప్రతిసారీ అల. తర్వాత చుక్కల కదలిక తగ్గింది. ఇంకా తగ్గింది. నిలబడిపోయాయి. అల మాత్రం వస్తూనే ఉంది, మునుపటికంటే మెల్లగా. మద్దిలేటి ముందుకు వంగాడు.

"ఆ పొద్దు తెర మీద ఇదే."

"ఇదే."

"గుండె పొయ్యింది. గీత పోతాండాది."

"అవును."

అల రావడం ఆలస్యమైంది. సగం దూరం వచ్చి ఆగింది. ఇంకొకటి అంచులోనే చెదిరింది. ఆ తర్వాత రాలేదు. అతను మళ్లీ వెయ్యమన్నాడు. వేశాను. రెండోసారి చూశాక తెర మీద నుంచి కళ్లు తియ్యకుండా అన్నాడు.

"మా చేన్లో బోరు ఎండిపోయినప్పుడు మోటరు అట్లే తిరుగుతాండె. నీళ్లు రాకున్నా తిరుగుతానే ఉండె. నేను మోటరు సప్పుడు ఇని నీళ్లు వస్తాయని కూచ్చుంటి." నావైపు తిరిగి, "వానికి తెలిసిండునా మేడం? నొప్పి?" అన్నాడు.

"లేదు. గుండె నిలబడ్డాక కొద్దిసేపటికే తెలివి పోతుందట. నువ్వు గీత చూసేసరికి అతనికేమీ తెలియదు."

తర్వాత, నా నోటికి ఎంతో బరువైన ఆ ప్రశ్న అడిగాను. నీళ్లు పోసినప్పుడు కాళ్లు చేతులు ఎలా ఉన్నాయని. అతను తన కుడిచేతిని తానే చూసుకున్నాడు.

"కొత్త చొక్కా తొడిగేది మాలో. పెండ్లి కాని పిల్లోడు గదా, ఎర్ర చొక్కా తెప్పించినా. నేనే తొడగాల. చెయ్యి వంగలే. మోచెయ్యి పట్టి వంచినా రాలే. మా అన్న ఈపు కాడ చొక్కా కత్తిరించినాడు. అట్ల ముందుపక్క నుంచి తొడిగినాం."

ఆ మాట అతను ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదని ఈరమ్మ ముఖం చూస్తే తెలిసింది. తన చేతులకు తెలిసిన సంగతి తన చెవికి అప్పుడే చేరినట్టు, నెమ్మదిగా తల వంచుకుని ఏడ్చాడు. ఈరమ్మ దగ్గరికి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. "కత్తిరించితిమి గదప్పా. నేనూ చూస్తి గదా" అంది. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ లేదు.

ఎండ ఎక్కకముందే అతను లేచి, అన్ననూ ఇద్దరు పక్కింటివాళ్లనూ పిలుచుకొచ్చాడు. చూరు కింద నున్నటి బండను గుంజల మీదికి ఎత్తారు. అప్పుడు నాకు తెలిసింది, ఆ రోజు నేను కూర్చున్నది దేని మీదో. ఊళ్లో అందరి సమాధులకూ బండలు చేసిన మనిషి కొడుకు కోసం మంచి రాయి ఏరి, సాన పట్టి, అంచులు తీసి, ఆ పిల్లవాడు కింద ఊపిరాడక ఉంటాడేమోనని పెట్టలేక రెండేళ్లు ఇంటి ముందు ఉంచుకున్నాడు.

మా వైపు ఆడవాళ్లం శ్మశానానికి పోము. వీధి మొదట్లోనే ఆగిపోతాం. ఇక్కడ ఈరమ్మ చెంబులో పాలు పట్టుకుని ముందు నడిచింది, నన్నూ రమ్మంది. మట్టి చదును చేసి బండ దించేటప్పుడు రసూల్ సార్ కూడా ఒక మూల పట్టారు. దించాక మద్దిలేటి మోకాళ్ల మీద వంగాడు. చెవి పెడతాడనుకున్నాను. పెట్టలేదు. అరచేత్తో రాతి మీది మట్టి తుడిచి, "ఇంగ నిద్దరపో నాయనా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి చూరు కింద బండ ఉన్నచోట నేల తేమగా, నల్లగా ఉంది. రెండేళ్లుగా ఎండ తగలని చోటు. ఈరమ్మ చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, ఆ చోటనే చాప పరిచింది. పొయ్యి మీద పెనం పెట్టి నావైపు తిరిగింది.

"ఇప్పుడు కూచ్చో తల్లీ. రొట్టె ఏస్తాండా."

నేను అక్కడ కూర్చుని తిన్నాను.